గేర్‌బాక్సులో నలభై ఏడు పళ్ళు

1970 ఫిబ్రవరి 22, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి ఇది మొదలైంది. చోడవరం పోస్టాఫీసు ఎదర మా ఆయన కారుని మొదటి గేర్లో వేసి క్లచ్ వదిలేరు. ఇత్తడి బిందెలో గులకరాళ్ళు పోసి మెట్ల మీంచి దొర్లిస్తే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడొకటి వచ్చింది. కారు కదల్లేదు. వెనక సీట్లో ఉన్న నేను గడియారం చూసుకున్నాను. ఏదైనా చెడిపోగానే టైము చూసుకోవడం నా అలవాటు. ఆ అలవాటంటే మా ఆయనకి ఒళ్ళు మంట.

“ఏటండీ అది?”

“ఏటీ లేదు. గేరు సరిగ్గా పడలేదు.”

మళ్ళీ వేసేరు. మళ్ళీ అదే చప్పుడు. మూడోసారి వెయ్యబోతుంటే పోస్టాఫీసు మెట్ల మీద కూచున్న ఒక ముసలాయన లేచి వచ్చి, “బాబూ, ఇంక ఎయ్యకండి. లోపలున్నయ్యన్నీ బయటికొచ్చెస్తాయి” అన్నాడు. ఆ రోజంతటిలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

ఐదుగురు తోస్తే నలభై నిమిషాలకి కారు ఇంటికి చేరింది. నేను దిగి పక్కన నడిచేను. తోసేవాళ్ళలో ఒకడు, “పంతులమ్మగారూ, మీరు ముందు నడిసెల్లిపోయి కాఫీ పెట్టండి, మేం సాయంత్రానికి వస్తాం” అన్నాడు. అందరూ నవ్వేరు. మా ఆయన నవ్వలేదు. స్టీరింగు దగ్గర కూచుని, తోస్తున్నవాళ్ళకి ఎలా తొయ్యాలో చెబుతున్నారు.

మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇంటి నుంచి ఆఫీసుకి ఆరు వందల నలభై అడుగులు. నేను పనిచేసే ఎలిమెంటరీ స్కూలుకి తొమ్మిది వందల పది. రెండూ నేను నడిచి లెక్కపెట్టినవే. ఇలాంటి ఇంటికి కారెందుకని 1968లో అడిగితే, “ఉంటే ఉంటుంది కదా” అన్నారు. రిటైరైన ఒక డాక్టరుగారి దగ్గర కొన్న పాత నల్ల కారు అది. దానికోసం పశువుల పాక ఖాళీ చేయించి ఆవుని పెరట్లోకి తోలేరు. వారంలో ఆరు రోజులు కారు పాకలో ఉండేది. ఆదివారం దాన్ని తుడిచి, బయటికి తీసి, ఊళ్ళో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ లోపల పెట్టేవారు. ఆవు అంతకంటే ఎక్కువ తిరిగేది.

నాకు ఆ ఏడాది ముఖ్యమైన తారీఖు ఒక్కటే. ఏప్రిల్ 13, సోమవారం, ఉదయం పది గంటలు. విశాఖపట్నంలో బి.ఏ. లెక్కల రెండో పేపరు. నేను 1956లో, ఇరవయ్యో ఏట, చిన్న తరగతుల టీచరుగా చేరేను. 1965 నుంచి ఇంట్లో కూచుని బి.ఏ.కి చదువుతున్నాను. పొద్దున్న నాలుగున్నరకి లేచి ఆరు దాకా చదువు, ఆ తరవాత వంట, ఆ తరవాత బడి. ఏడు పేపర్లు పాసయ్యేను. ఎనిమిదోది ఇది. 1969లో దానికి ముప్ఫై ఒక్క మార్కులొచ్చేయి. ముప్ఫై ఐదు రావాలి. నాలుగు మార్కులు తక్కువ. తప్పు నాదే, ఒక లెక్కలో గుర్తు తారుమారు చేసేను.

1970 ఏప్రిల్‌తో పాత సిలబస్ ఆఖరు. ఆ రోజు రాయకపోయినా, రాసి తప్పినా, పాసైన ఏడు పేపర్లూ చెల్లవు. కొత్త సిలబస్‌లో మొదటి నుంచి మొదలెట్టాలి. పాసైతే బి.ఇడి.కి వెళ్ళొచ్చు, హైస్కూల్లో లెక్కలు చెప్పొచ్చు. నాకు ఈ ప్రపంచంలో కావలసింది అదొక్కటే. పదో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద లెక్కలు చెప్పడం. నగలు అడగలేదు, కారు అడగలేదు.

మా ఆయన కారు చెడిపోయిన రోజు సాయంత్రమే ప్రతిజ్ఞ చేసేరు. “నీ పరీక్ష నాటికి బండి తయారవ్వాలి. బస్సులో నలిగిపోయెళ్ళి ఏం రాస్తావే? నిన్ను కార్లో తీసుకెళ్ళి గేటు దగ్గర దింపుతాను.”

“బస్సు బాగానే ఉంటుందండీ.”

“నీకు మన బండి మీద నమ్మకం లేదు.”

లేదు. ఆ మాట అనకుండా చెంబు తీసుకుని లోపలికెళ్ళిపోయేను. మర్నాడు తాలూకా ఆఫీసులో అందరికీ తెలిసింది, భార్య పరీక్ష కోసం ఈయన సొంత చేతుల్తో గేర్‌బాక్సు బాగుచేస్తున్నారని. అప్పటికి ఆ సొంత చేతులు స్పానరు పట్టలేదు.

స్పానరు పట్టడానికి ఇద్దరొచ్చేరు. ఒకడు మా మరిది. పాలిటెక్నిక్‌లో ఏడాదిన్నర చదివి మానేసేడు. మానేసిన మిగతా ఏడాదిన్నరలో ఏం చెబుతారో నాకు ఆ రెండు నెలల్లో బాగా తెలిసింది. రెండోవాడు బుచ్చయ్యపేట నుంచి వచ్చే గానుగ మేస్త్రీ. చుట్టుపక్కల ఊళ్ళలో చెరుకు ఆడే గానుగలన్నిటికీ ఆయనే. రోలరు అరిగినా, పన్ను విరిగినా, ఇంజను మొరాయించినా ఆయన రావలసిందే. గానుగ విషయంలో ఆయన్ని నేను ఒక్క మాట అనను. కాని గానుగ తెలిసినవాడికి తిరిగేవన్నీ తెలుసని ఎవరన్నారో నాకు తెలీదు. మా ఆయనే అని ఉండాలి.

మార్చి 1, ఆదివారం. గేర్‌బాక్సు దింపేరు. కింద బోల్టు విప్పితే నూనె రాలేదు. తడిసిన రంపపు పొట్టు ముద్దముద్దగా వచ్చింది. మేస్త్రీ వేలితో తీసి వాసన చూసేడు.

“పళ్ళు అరిగిపోయి సప్పుడొస్తంటే పొట్టు దట్టించెస్తారు బాబూ. సప్పుడు పోద్ది.”

“ఎవరు దట్టించేరు?” అన్నారు మా ఆయన.

“నేనైతే కాదు” అన్నాడు మేస్త్రీ.

రెండేళ్ళ నుంచి “ఎంత నిశ్శబ్దంగా నడుస్తుందో చూడు” అని మా ఆయన ఊరంతా చెప్పుకున్న నిశ్శబ్దం అది. పొట్టు నిశ్శబ్దం.

లోపల రెండు షాఫ్టులుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఇంజను తిప్పే పై చక్రం పళ్ళు కింది షాఫ్టు మీదున్న పెద్ద చక్రం పళ్ళలో పడి దాన్ని తిప్పుతాయి. ఆ జత తిరిగితేనే మొదటి మూడు గేర్లూ తిరుగుతాయి. నాలుగో గేర్లో మాత్రం ఇంజను బలం పై నుంచి పైకే నేరుగా వెళ్ళిపోతుంది, కింది షాఫ్టు ఊరికే తిరుగుతూంటుంది. ఇదంతా నాకు చెప్పింది మా మరిదే. చెప్పినవాడు దాన్ని తరవాత మరిచిపోయేడు. నేను మరిచిపోలేదు.

మా కింది షాఫ్టు చక్రాలు పాడయ్యేయి. పళ్ళు కొన్ని విరిగేయి, కొన్ని చిగుళ్ళ దాకా అరిగేయి. పాకలో గోనెలు పరిచి సామానంతా పెట్టేరు. కిరోసిన్‌తో కడగడానికి నా వంటింట్లోంచి రెండు బేసిన్లు వెళ్ళేయి. కింది షాఫ్టు రెండు కొసల్లోనూ సూదుల్లాంటి చిన్న రోలర్లుంటాయి, ఒక్కో కొసకి ఇరవై మూడు. అవి దొర్లిపోతుంటే మా మరిది నా ఇడ్లీ రేకులు పట్టుకుపోయి గుంటకి నాలుగు చొప్పున సర్దేడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇడ్లీలు లేవు.

మార్చి 8, ఆదివారం. అన్నదమ్ములిద్దరూ అనకాపల్లి వెళ్ళి పాత ఇనప సామాన్ల కొట్లో ఇంకో గేర్‌బాక్సు పట్టుకొచ్చేరు. అదే కంపెనీ కారుదే గాని తరవాతి మోడలుది. బస్సు మీద వేసుకొచ్చేరు. దింపేటప్పుడు మా ఆయన ఎడమచేతి మధ్యవేలు నలిగి గోరు నల్లబడింది. దానికి గుడ్డ కట్టించుకుని వారం రోజులు ఆఫీసులో అందరికీ చూపించేరు.

ఆ పెట్టె విప్పితే లోపల చక్రాలు బాగానే ఉన్నాయి. అందులో కింది షాఫ్టు తీసి మా పెట్టెలో పెట్టేరు. కూచుంది. పై చక్రాలు కూడా దానివే పెట్టేరు. ఇంజనుకి తగిలే మొదటి చక్రం దగ్గర ఆగేరు. దాని కొస మా క్లచ్ ప్లేటులో దూరలేదు.

“అది మనదే ఉంచెద్దాం” అన్నాడు మేస్త్రీ. “బాగానే ఉంది కదా.”

ఆ తరవాతి ఆదివారం, మార్చి 15, పదకొండు గంటలకి ముగ్గురూ టీ తాగడానికి హోటలుకెళ్ళేరు. నేను పాకలోకి వెళ్ళేను. నా బేసిన్లు ఏ గతిలో ఉన్నాయో చూద్దామని వెళ్ళేను, అంతే. చక్రాలు కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. పళ్ళున్న వస్తువుని చూసి లెక్కపెట్టకుండా ఉండడం నాకు చేతకాదు. నూనె మీద సుద్దముక్క అంటలేదు. జాకెట్లు కుట్టే దారం తెచ్చి ఒక పంటికి కట్టి, అక్కణ్ణుంచి మొదలెట్టి లెక్కపెట్టేను. ఒక్కో చక్రం రెండేసి సార్లు. చీర కుచ్చిళ్ళ నిండా నూనె.

వాళ్ళు తిరిగొచ్చేసరికి కాగితం మీద రాసి ఉంచేను.

“మేస్త్రీ, ఈ రెండూ జత కాదు” అన్నాను.

“జతే అమ్మగారూ. తిరగతన్నాయి, సూడండి.” చేత్తో తిప్పి చూపించేడు. తిరిగేయి.

“మన పెట్టెలో పైది పదిహేడు పళ్ళు, కిందది ముప్ఫై ఒకటి. మొత్తం నలభై ఎనిమిది. మీరు తెచ్చిన పెట్టెలో పైది పద్ధెనిమిది, కిందది ముప్ఫై. మొత్తం నలభై ఎనిమిదే. పన్ను సైజు ఒకటే, రెండు షాఫ్టుల మధ్య దూరం ఒకటే, కాబట్టి మొత్తం మారదు. ఇప్పుడు మీరు మన పదిహేడుని వాళ్ళ ముప్ఫైతో కలుపుతున్నారు. నలభై ఏడు. ఒక పన్ను చోటు ఖాళీ. పళ్ళు పూర్తిగా దిగవు, కొసలే తగుల్తాయి.”

“ఒక్క పన్నే కదా వదినా” అన్నాడు మరిది.

“ఒసే, మా నాన్నకి నోట్లో పన్నెండే ఉండేవి. చెరుకు నమిలేవాడు” అన్నారు మా ఆయన.

ముగ్గురూ నవ్వేరు. మేస్త్రీ నవ్వు ఆపుకుని నాకు మర్యాదగా నచ్చచెప్పేడు. “రోలుగుంటలో ఒక గానుగుందమ్మగారూ. ఒక సక్రం పగిలిపోతే ఇంకో గానుగది తెచ్చి ఏసేను. పన్ను తక్కువే. పదేళ్ళై ఆడతంది.”

“ఎలా ఆడుతోంది?”

“బోల్టు బిగించి రోలర్ని దగ్గరికి లాగెస్తాను. పళ్ళు ఒకదాన్లో ఒకటి కూకుంటాయి.”

“మరి ఈ పెట్టెలో ఆ బోల్టు ఎక్కడుంది?”

మేస్త్రీ పెట్టె వైపు చూసేడు. అది ఒకే పోతలో పోసిన ఇనప పెట్టె. షాఫ్టులుండే కన్నాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. దగ్గరికి లాగడానికి బోల్టూ లేదు, జరపడానికి చోటూ లేదు. షాఫ్టు కన్నం చుట్టూ బొటనవేలు తిప్పేడు. అది ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. చేతిపని తెలిసినవాడికి అర్థమవకుండా ఉండదు. కాని ఇద్దరు మగవాళ్ళ ముందు, పంతులమ్మ చెప్పిన మాటకి ఔననడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

“ఇందులో బోల్టుండదమ్మగారూ” అన్నాడు చివరికి. “గ్రీజు బాగా దట్టిద్దాం.”

“అయితే వాళ్ళ పద్ధెనిమిదే పెట్టండి. దానికి సరిపోయే క్లచ్ ప్లేటు కూడా ఆ కొట్లోనే ఉంటుంది, అదీ తెండి. అనకాపల్లి పన్నెండు మైళ్ళు.”

“దానికోసం ఇంకో ఆదివారం పాడవ్వాలా?” అన్నారు మా ఆయన. “నువ్వెళ్ళి నీ లెక్కలు చేసుకో. పరీక్షలో గేర్‌బాక్సు అడగరు.”

వెళ్ళేను. మరి నాలుగు ఆదివారాలు పాడయ్యేయి, వాళ్ళవి. మార్చి 22న రోలర్లు లెక్కకి నలభై ఐదే ఉన్నాయి. ఇడ్లీ రేకుల కింద, గోనెల కింద, ఆవు గడ్డిలో వెతికేరు. నలభై ఆరోది మా మరిది చొక్కా జేబులో బీడీకట్ట పక్కన దొరికింది. మార్చి 29న పెట్టె మూసేరు. ఏప్రిల్ 5న కార్లో ఎక్కించేరు, నిమ్మకాయలు తొక్కించేరు, గోవాడ రోడ్డు మీద నడిపి చూసేరు. ఆ రోడ్డు బల్లపరుపు. మొదలెట్టేటప్పుడు మూడు గేర్లలోనూ పిండిమర లాగ గురగురమంది. నాలుగో గేర్లో పడగానే చప్పుడాగిపోయింది. అలాగే నాలుగో గేర్లో వెళ్ళి, నాలుగో గేర్లో తిరిగొచ్చి, వాకిట్లో ఆపేరు.

“ఏదీ నీ నలభై ఏడు?” అన్నారు మా ఆయన, చేతులు తుడుచుకుంటూ.

“నాలుగో గేర్లో ఆ జత మీద బరువుండదు కదండీ. దారిలో ఆగి ఆగి వెళ్ళి చూడండి.”

“ఓర్చుకోలేవు నువ్వు.” లోపలికెళ్ళి స్నానం చేసేరు. చాలాసేపు పాట పాడుకుంటూ చేసేరు.

ఏప్రిల్ 12న కారు కడిగి తుడిచేరు. ఆ సాయంత్రం నేను చేతిసంచీ సర్దుకున్నాను. హాల్ టిక్కెట్టు, రెండు పెన్నులు, స్కేలు, మంచినీళ్ళ సీసా. ఐదు గంటల నలభై నిమిషాల బస్సుకి వెళ్దామని. మా మరిది వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“వదినా, రేపు నువ్వు బస్సెక్కితే అన్నయ్య ఊళ్ళో తలెత్తుకోలేడు. ఆఫీసులో అందరికీ సెప్పుకున్నాడు.”

“మీ అన్నయ్య తల కోసం నేను పరీక్ష రాయడం లేదు.”

“ఆరున్నరకి బయల్దేరితే ఎనిమిదిన్నరకి దింపెస్తాం. బస్సు కంటే ముందే. ఇంకోమాట. సీటు మీద తెల్ల దుప్పటి పరిచేడు, నీకోసం.”

వెళ్ళి చూసేను. పరిచేరు. కొత్త దుప్పటి. నాలుగు కొసలూ సీటు కిందికి మడిచి ఉన్నాయి. పధ్నాలుగేళ్ళ కాపరంలో మా ఆయన దుప్పటి మడవడం నేను చూసింది అదే. ఆ దుప్పటి చూసి నేను బస్సు మానుకున్నాను. వాళ్ళని ఎన్ని మాటలన్నా ఇది మాత్రం నా తెలివితక్కువతనమే. నా లెక్క తప్పు కాదని నాకు తెలుసు. తెలిసి దాని మీద నిలబడలేదు.

సోమవారం ఉదయం ఆరున్నరకి బయల్దేరేం. మా ఆయన నడుపుతున్నారు, పక్కన మరిది, వెనక దుప్పటి మీద నేను. ఊరు దాటగానే బెల్లం బళ్ళు తగిలేయి. ఏప్రిల్లో అనకాపల్లి మార్కెట్టుకి బెల్లం వేసుకుని తెల్లారే సరికి ఆ రోడ్డంతా ఎడ్లబళ్ళు. ఆ సంగతి చోడవరంలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు, మా ఆయనకి తప్ప. ఒక బండి పక్కకి తప్పుకునే వరకూ ఆగాలి, మళ్ళీ మొదటి గేరు, రెండో గేరు, ఇంతలో ఇంకో బండి. గేరు మార్చిన ప్రతిసారీ కింద గురగుర. నేను లెక్కపెట్టేను. పదకొండుసార్లు ఆగి బయల్దేరేం. ఐదో మైలురాయి దాటేక ఒక కల్వర్టు, దాని మీదికి కొంచెం ఎత్తు. ఎత్తు మీద ఎదర ఎడ్లు ఆగేయి. పన్నెండోసారి మా ఆయన క్లచ్ వదిలేసరికి సీటు కింద టపటపా టపాసుల్లాగ పేలి ఆగిపోయింది. ఏడు గంటల పన్నెండు నిమిషాలు.

 వెనక బండివాడు, “ఏటి బాబూ, కారుకి ఎడ్లు కట్టమంటారా?” అన్నాడు.

ముగ్గురం దిగేం. మరిది సీట్లు తీసి గేర్‌బాక్సు పైమూత విప్పడం మొదలెట్టేడు. నేను రోడ్డుకి అవతల తాటిచెట్టు నీడలో నిలబడి బస్సు కోసం చూస్తున్నాను. నా సంచీ కారు వెనక సీట్లో ఉండిపోయింది. ఏడూ నలభైకి బస్సు కనబడింది. నేను సంచీ కోసం ఇవతలికి వస్తున్నాను. బస్సు వచ్చి కారు పక్కన ఆగింది. దానంతట అదే ఆగింది, ఎవరూ చెయ్యెత్తకుండానే.

“ఎక్కతారా బాబూ?” అన్నాడు కండక్టరు.

“అక్కర్లేదు. పోనీండి, పోనీండి” అన్నారు మా ఆయన చెయ్యి ఊపుతూ. “పది నిమిషాల్లో మిమ్మల్ని దాటిపోతాం.”

“నేను ఎక్కుతాను! ఆగండి!” అని అరిచేను. బస్సుకి అవతలి పక్కనున్నాను, ఇంజను మోతలో వాళ్ళకి వినపడలేదు. బస్సు కదిలి వెళ్ళిపోయేక రోడ్డు మీద మా ఆయనకీ నాకూ మధ్య దుమ్ము మిగిలింది. పదిహేను అడుగులు. ఆ బస్సు విశాఖపట్నం దాకా వెళ్ళే బస్సు.

“ఏం పని చేసేరండీ?”

“మూత విప్పేసేడే వాడు. అయిపోయింది. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు.”

మూత విప్పేక లోపల చూసేం. నూనెలో పళ్ళు తేలవు కాబట్టి అడుగున పడి ఉన్నాయి, కొన్ని చక్రాల మధ్య ఇరుక్కున్నాయి. మా మరిది తల గోక్కుని, “అన్నయ్యా, రివర్సులో ఎళ్ళొచ్చేమో” అన్నాడు. అనకాపల్లి ఇంకా ఏడు మైళ్ళుంది. ఏడు మైళ్ళూ వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాలని అతని ఆలోచన.

“రివర్సుకి కూడా ఆ జతే తిరగాలి” అన్నాను.

“పోనీ నాలుగో గేర్లో పెట్టి తోద్దాం. దానికి అక్కర్లేదని నువ్వే కదా అన్నావు” అన్నారు మా ఆయన. ఎనిమిది రోజుల కిందట నేను చెప్పిన మాట, అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. నలుగురు బండివాళ్ళని పిలిచి తోయించేరు. కారు రెండడుగులు కదిలి బిగుసుకుపోయింది. విరిగిన పన్నొకటి మంచి పళ్ళ మధ్య పడింది. ఇంక చక్రాలు ముందుకీ తిరగవు, వెనక్కీ తిరగవు.

ఎనిమిదీ ముప్ఫై ఐదుకి రెండో బస్సు వచ్చింది. మెట్ల మీద మనుషులు వేలాడుతున్నారు. ఆగలేదు. ఎనిమిదీ యాభైకి ఒక బెల్లం లారీకి నేను రోడ్డు మధ్య నిలబడి చెయ్యెత్తేను. డ్రైవరు తిట్టడానికి తల బయటికి పెట్టి, నన్ను చూసి ఆగిపోయేడు.

“పంతులమ్మగారూ! మా గుంటడికి సదువు సెప్పేరు మీరు. ఎక్కండి.”

ఎక్కేను. మా ఆయన, “నేనూ వస్తానుండు” అన్నారు. “కారు దగ్గర ఉండండి” అన్నాను. ఆయనతో ఆ రోజు అదే నా ఆఖరి మాట.

అనకాపల్లి తొమ్మిదీ పదిహేను. విశాఖపట్నం బస్సు తొమ్మిదిన్నరకి కదిలింది. పదీ నలభైకి అక్కడ దిగేను. రిక్షా వాడు తొక్కగలిగినంత తొక్కేడు. హాలు గుమ్మం దగ్గరకి వెళ్ళేసరికి పదకొండుకి మూడు నిమిషాలు తక్కువ. పదిన్నర దాటితే లోపలికి రానివ్వరు.

గుమ్మంలో ఒక పెద్దాయన ఉన్నారు. నా హాల్ టిక్కెట్టు చూసేరు, గడియారం చూసేరు. “అరగంట దాకా చూడొచ్చమ్మా. ఇప్పుడు లోపలివాళ్ళలో కొందరు బయటికి కూడా వచ్చేసేరు. నేనేం చెయ్యను?” అన్నారు. చిరాగ్గా అనలేదు. నా మోచేతుల దాకా ఉన్న బెల్లం మరకలు చూసి, మంచినీళ్ళు తాగుతారా అని అడిగేరు. కిటికీలోంచి నా బల్ల కనబడింది. దాని మీద తెల్ల కాగితాలు, వాటి మీద ఎగిరిపోకుండా ఎవరో పెట్టిన రాయి.

నేను ఏడవలేదు. వరండాలో కూచున్నాను. ఒంటిగంటకి పరీక్ష వదిలేక ఒక అమ్మాయి దగ్గర ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాను. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూచుని రాసేను. రెండూ పది నుంచి ఐదూ పది దాకా, మూడు గంటలు, లోపలైతే ఎంత టైము ఇస్తారో అంతే. ఆ వారంలోనే పుస్తకం దగ్గర పెట్టుకుని, నా పిల్లల పేపర్లు దిద్దినట్టే, అరమార్కు కూడా దయ చూపకుండా దిద్దుకున్నాను. అరవై ఎనిమిది వచ్చేయి.

రాత్రి తొమ్మిదీ ఇరవైకి ఇల్లు చేరేను. దారిలో ఐదో మైలురాయి దగ్గర చీకట్లో కారు అలాగే ఉంది. అన్నదమ్ములు లేరు, బండి కట్టించుకుని ముందే ఇంటికి చేరేరు. మా ఆయన అరుగు మీద కూచుని ఉన్నారు.

“రాసేవా?” అన్నారు.

“రాసేను” అన్నాను. అబద్ధం కాదు. ఎక్కడ రాసేనో ఆయన ఆరు రోజుల దాకా అడగలేదు. ఏడో రోజు ఆఫీసులో ఎవరో చెబితే తెలుసుకుని ఇంటికొచ్చి, “మరి నాకెందుకు చెప్పలేదు?” అని నా మీద కోప్పడ్డారు. ఆ తరవాత ఎవరడిగినా, ఆ రోజు బెల్లం బళ్ళు అడ్డమొచ్చేయని చెప్పేవారు. చనిపోయే దాకా అదే చెప్పేరు. మా మరిది ఇప్పటికీ, ఆ అనకాపల్లి కొట్టువాడు నాసిరకం చక్రం ఇచ్చేడంటాడు. మేస్త్రీ ఒక్కడే, నెల తరవాత పాకలో పెట్టె మళ్ళీ విప్పినప్పుడు, చక్రాలు చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగి, “అమ్మగారూ, ఇంకోసారి లెక్కెట్టండి” అన్నాడు. లెక్కపెట్టేను. ఆ రోజు నవ్వలేదు ఎవరూ.

పోయినవి ఇవి.

పై చక్రం పళ్ళు, పదిహేడింట్లో ఆరు. కింది చక్రం పళ్ళు, ముప్ఫైలో తొమ్మిది. సూది రోలర్లు, నలభై ఆరింట్లో పదకొండు. మా ఆయన ఎడమచేతి మధ్యవేలి గోరు, ఒకటి. ఆదివారాలు, ఎనిమిది. పరీక్ష హాల్లో నిమిషాలు, అరగంట గడువు మీద ఇరవై ఏడు. కొత్త సిలబస్‌లో చెల్లకుండా పోయిన పేపర్లు, ఏడు. పొద్దున్నే లేచి చదివిన ఏళ్ళు, ఐదు. 1994లో చిన్న తరగతుల టీచరుగానే రిటైరయ్యేను. ఆ లోపల, బి.ఇడి.కి రెండేళ్ళు పోను, హైస్కూల్లో లెక్కలు చెప్పవలసిన ఏళ్ళు, ఇరవై రెండు.